అప్‌డేట్: మహతి రాగం గురించి అడిగిన ప్రశ్న

బాలమురళీకృష్ణ గారు సృష్టించిన మహతిని కొందరు విద్వాంసులు ఎందుకు ఒప్పుకోలేదని పోయిన నెల అడిగాను కదా. ఆదివారం సత్యనారాయణపురంలో మా వయొలిన్ మాస్టారి దగ్గర కూర్చున్నాను.

రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలన్నది పాత నియమం. మహతిలో ఉన్నవి స, గ, ప, ని, అంతే. ఆయనదే మరో రాగం సర్వశ్రీలో అయితే మూడే! వీణ ఎస్. బాలచందర్ గారు బహిరంగంగానే విభేదించారు. రాగ లక్షణం, అంటే రాగానికున్న శాస్త్ర నియమాల ప్రకారం ఆ అభ్యంతరంలో బలం ఉందని నాకూ అనిపించింది.

మాస్టారు వాదించలేదు. కళ్లు మూసుకుని మహతి అందుకున్నారు; గాంధారం (గ) మీద కమాను కాసేపు నిలిపి, మెల్లగా పంచమానికి (ప) వెళ్లారు. మధ్యలో మధ్యమం (మ) లేదన్న సంగతే నాకు తట్టలేదు. 72 మేళకర్తల్లోనూ (కర్ణాటక సంగీతంలోని మూల రాగాలు) కృతులు రాసిన బాలమురళీకృష్ణ గారు నియమం తెలియక దాటారంటే నేను నమ్మను.

వచ్చే ఆదివారం ఆయన సృష్టించిన మరో రాగం, లవంగి.