తొడ ఎముక విరిగితే ఊపిరితిత్తుల్లో ఈ తెలుపు ఎక్కడిది?

ప్రశ్న (అమలాపురం దగ్గర నుంచి):
మా బావమరిది కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీద నుంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఛాతీకి దెబ్బ తగల్లేదు, ఆ రోజు తీసిన ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. రెండో రోజు రాత్రి ఆయాసం వచ్చి, మాట తడబడి, ఆక్సిజన్ 84కి పడిపోయింది. మర్నాటి ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ తెల్లగా ఉన్నాయి. ఎముకలోని కొవ్వు అక్కడికి చేరిందంటున్నారు. మొదటి ఎక్స్‌రేలోనే ఇది తెలియవలసింది కాదా అండీ?

జవాబు (రేడియాలజిస్టు, కాకినాడ):
తెలియదండి. విరిగిన ఎముక మూలుగలోని కొవ్వు బిందువులు సిరల గుండా గుండెకు, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాలకు చేరి, ఫ్యాటీ ఆసిడ్లుగా విడిపోయి, నాళాల గోడలను దెబ్బతీసి, గాలి గదుల్లో నీరు ఊరేలా చేయడానికి కొంత సమయం పడుతుంది. అందుకే లక్షణాలు ఎక్కువగా 24 నుంచి 72 గంటల మధ్య బయటపడతాయి; ఎక్స్‌రేలో మార్పు ఒక్కోసారి ఇంకా ఆలస్యమవుతుంది. అదే దెబ్బకు ఊపిరితిత్తి కమిలి ఉంటే, ఆ మచ్చ సాధారణంగా 6 గంటల్లోపే, ఎక్కువగా దెబ్బ తగిలిన చోటే కనిపించేది. సీటీ తీస్తే మసక పట్టిన భాగం, దాని పక్కనే మామూలు భాగం గీత గీసినట్టు విడివిడిగా కనిపిస్తాయి; ఆ మసక మీద వల పరిచినట్టు సన్నని గీతలు, అక్కడక్కడ చిన్న బొడిపెలు కూడా ఉండవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
సీటీ ఆంజియోలో (రక్తనాళాలు కనిపించేలా మందు ఎక్కించి తీసే సీటీ) నాళాలకు అడ్డు ఏమీ లేదని రాశారు. మరి కొవ్వు అడ్డుపడిందని ఎలా అంటారు?

జవాబు (ఎముకల డాక్టరు, భీమవరం):
ఆ బిందువులు సీటీకి అందనంత చిన్నవి కాబట్టి పెద్ద నాళాలు చాలామందిలో మామూలుగానే కనిపిస్తాయి. ఆంజియో తీసేది ముఖ్యంగా రక్తపు గడ్డ లేదని తేల్చుకోవడానికే. న్యుమోనియాలోనూ ఇలాంటి తెలుపే రావచ్చు గనుక బొమ్మ ఒక్కటే చూసి ఈ జబ్బును నిర్ధారించలేము. చంకల్లో, మెడ మీద, కింది కనురెప్ప లోపల ఆవగింజ కన్నా చిన్న ఎర్రటి చుక్కలున్నాయేమో చూడమనండి. అవి అందరికీ రావు, వస్తే మాత్రం చాలా విలువైన ఆధారం. మాట తడబడుతోందంటున్నారు కాబట్టి మెదడుకు ఎమ్మారై అవసరమేమో కూడా అడగండి.

కొవ్వును కరిగించే మందు లేదు. ఆక్సిజన్, అవసరమైతే వెంటిలేటరు ఇచ్చి ఊపిరితిత్తులు కోలుకునే వరకు కాపాడటమే వైద్యం. ఎక్స్‌రేలో తెలుపు చాలామందిలో ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. కాకినాడకు తరలించవలసి వస్తే కాలు కదలకుండా గట్టిగా కట్టించి, మొదటి ఎక్స్‌రేను కూడా తప్పక వెంట పంపండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆ తెలుపు ఎప్పుడు మొదలైందో అక్కడివారికి అర్థమవుతుంది.