ఫ్యాన్ వేస్తే కిందా పైనా రెండు ఆర్‌సీసీబీలూ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్‌లు) ట్రిప్ అవుతున్నాయి, రెండు అంతస్తుల న్యూట్రల్ (కరెంటు వెనక్కి వెళ్లే వైరు) ఎక్కడ కలిసిందో ఎలా పట్టుకోవాలి?

కొత్త ఇల్లు, జీ ప్లస్ వన్, సింగిల్ ఫేజ్. వైరింగ్ నేనే చేసుకున్నా. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5 స్క్వేర్ ఎంఎం. ఒకే డీబీలో (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) కింది అంతస్తుకి ఒకటి, పైదానికి ఒకటి, రెండు 40 ఆంప్స్ 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీలు.

ఒక్కో సర్క్యూట్‌కి ఉండే ఎంసీబీ స్విచ్‌లన్నీ ఆన్ చేసినా లోడ్ లేకపోతే ఏమీ కాదు. పై హాల్లో ఫ్యాన్ వేస్తే మాత్రం వెంటనే రెండూ ఎగిరిపోతాయి. 9 వాట్ల ఎల్‌ఈడీ ఒక్కటే వేస్తే ఒక్కోసారి నిలబడుతుంది, ఒక్కోసారి లేదు. అంటే కరెంటు కింది న్యూట్రల్ నుంచి కూడా వెనక్కి పోతోందనే అనుకుంటున్నా.

మెయిన్ ఆపి, రెండు ఆర్‌సీసీబీలూ ఆఫ్ చేసి, పై అంతస్తు న్యూట్రల్ వైర్లను వాటిని బిగించిన బార్ నుంచి ఒక్కొక్కటే విప్పి, కింది అంతస్తు న్యూట్రల్ బార్‌తో కలిసి ఉందేమోనని మల్టీమీటర్ పెట్టి చూశా, హాల్ సర్క్యూట్ నల్ల వైరు ఒక్కటే బీప్ ఇస్తోంది. మెట్ల లైటు టూ-వే (కిందా పైనా రెండు చోట్ల స్విచ్‌లున్న కనెక్షన్) మీద అనుమానంతో దాని న్యూట్రల్ విప్పేశా, అయినా బీప్ ఆగలేదు. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ టెస్టర్) న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూస్తే ఇన్సులేషన్ బాగానే ఉంది.

తెలిసిన ఎలక్ట్రీషియన్ రెండు అంతస్తులూ ఒకే ఆర్‌సీసీబీ కింద వేసెయ్యమన్నాడు. ట్రిప్పింగ్ ఆగుతుందేమో గానీ, తప్పు కనెక్షన్ అలాగే గోడలో ఉండిపోతుంది కదా, నాకైతే ఇష్టం లేదు.

హాల్లో మూడు స్విచ్‌బోర్డులు, సీలింగ్‌లో రెండు జంక్షన్ బాక్సులు ఉన్నాయి. వాటి మీద పుట్టీ, పెయింటు కూడా అయిపోయాయి. సీలింగ్ పగలగొట్టకుండా, బోర్డుల దగ్గరే కొలుస్తూ ఆ జాయింట్ ఏ బాక్సులో ఉందో తేల్చుకోవడానికి ఏ వరసలో విప్పుతూ వెళ్లాలి?