అలారం నెట్‌వర్క్ లెక్క: శాంప్లింగ్‌లో జవాబు ప్రతిసారీ మారిపోతోంది, ఏం చేయాలి?

బేసియన్ నెట్‌వర్క్‌లు (ఏది దేనిమీద ఆధారపడుతుందో బాణాలతో గీసి సంభావ్యతలు లెక్కగట్టే పటాలు) నేర్చుకుంటున్నాను. వీటికి ఆద్యుడైన జూడియా పెర్ల్ నాటి ఆ దొంగతనం-భూకంపం-అలారం లెక్కే, అందరూ దానితోనే మొదలుపెడతారు కదా. దొంగలు పడే సంభావ్యత 0.001, భూకంపానికి 0.002. ఈ రెండిట్లో ఏది జరిగినా అలారం మోగొచ్చు. మోగితే పక్కింటి జాన్, మేరీ ఫోన్ చేస్తారు. ఇద్దరూ ఫోన్ చేశారంటే దొంగలు పడ్డట్టేనా? కాగితం మీద చేస్తే ఆ సంభావ్యత 0.284 వచ్చింది. క్లాసులో చెప్పిందీ అంతే.

పైథాన్‌లో రిజెక్షన్ శాంప్లింగ్ (యాదృచ్ఛికంగా బోలెడు శాంపిళ్లు తీసి, మనకు తెలిసినదానితో సరిపోలనివి పారేయడం) రాస్తే మాత్రం ఒకసారి 0.14, ఇంకోసారి 0.43! రాత్రంతా కోడ్‌లో తప్పు వెతికాను. తీరా ప్రింట్ పెట్టి చూస్తే 10,000 శాంపిళ్లలో ఇద్దరూ ఫోన్ చేసినవి 21 మాత్రమే. మిగతావన్నీ చెత్తబుట్టలోకే.

లైక్లీహుడ్ వెయిటింగ్ (ఏ శాంపిల్‌నీ పారేయకుండా, తెలిసినదానితో ఎంత సరిపోలితే అంత బరువు ఇవ్వడం) వాడమన్నాడు ఫ్రెండ్. కానీ మనకు తెలిసిన ఫోన్ కాల్స్ నెట్‌వర్క్ అడుగున ఉన్నాయి. దొంగతనాన్ని పైనుంచి అదే 0.001తోనే తీయాలి. అప్పుడు 10,000లో దొంగలు పడేది ఏ పదిసార్లో కదా? మరి దానివల్ల ఒరిగేదేంటి?

గిబ్స్ శాంప్లింగ్ (తెలిసినవి అలాగే ఉంచి, మిగతావాటిని ఒక్కొక్కటిగా మళ్లీ మళ్లీ తీయడం) నయమా? ఈ 5 నోడ్‌లకు (దొంగతనం, భూకంపం, అలారం, రెండు ఫోన్లు) వేరియబుల్ ఎలిమినేషన్, అంటే శాంపిళ్లు లేకుండా కచ్చితంగా లెక్కగట్టే పద్ధతి, చాలని తెలుసు, కానీ నా ప్రాజెక్టులో 40 నోడ్‌లు ఉన్నాయి, అదీ టెన్షన్. చేసినవాళ్లెవరైనా కాస్త చెప్పండి.