మతిమరుపొచ్చిన హంతకుడి మీద జాలి పడాలా?

గోదారిగట్టు (పాలకొల్లు): నిన్న రాత్రి ‘మెమరీ’ చూశా. 2022 నాటి సినిమా, లియామ్ నీసన్ హీరో. వయసు మళ్లిన కిరాయి హంతకుడు, పైగా అల్జీమర్స్. చిన్నపిల్లను చంపమంటే కుదరదని సుపారీ ఇచ్చినవాళ్ల మీదే తిరగబడతాడు. మర్చిపోతానని వివరాలు చేతి మీద రాసుకుంటాడు. అంతా బానే ఉంది, మరి అంతకుముందు చంపినవాళ్ల సంగతేంటి? జబ్బు చూపించి మన చేత అయ్యో అనిపించడం తొండాట కాదూ?

కొబ్బరితోట (అంబాజీపేట): జాలి సంగతి తర్వాత. అన్నీ మర్చిపోయేవాడు తుపాకీ అంత ఒడుపుగా ఎలా పేలుస్తాడని మావాడు ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదండి. మా పెదనాన్నగారు కొబ్బరికాయ వలుపు పనిలో ముసలైపోయారు. ఇప్పుడు నన్ను చూసి “ఎవరబ్బాయివి?” అంటారు. గునపం ముందు నిలబెడితే మాత్రం కాయ తిప్పుకుంటూ చకచకా పీచు ఊడదీసేస్తారు. ఆ కాయ ఏ కుప్పలో వెయ్యాలో తెలీక చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోతారు. ఈ జబ్బు ముందు కొత్త జ్ఞాపకాల మీద పడుతుంది. చేతికి అలవాటైన పని చాలాకాలం పోదు.

గోదారిగట్టు: ఆయన వలిచింది కాయలండీ బాబూ!

కోర్టుపక్షి (అమలాపురం): చట్టానికి ఇందులో పెద్ద తికమక లేదు. భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 84. నేరం చేసేనాటికే మతి చెడి, ఏం చేస్తున్నాడో, లేదా చేసేది తప్పని తెలియని స్థితి ఉంటేనే మినహాయింపు. తర్వాత వచ్చిన మతిమరుపుతో నేరం మాసిపోదు. తన తరఫున వాదించుకోలేని స్థితైతే విచారణ ఆగుతుంది, అంతే. అమెరికా సుప్రీంకోర్టు 2019లో మాడిసన్ అనే మతిమరుపొచ్చిన మరణశిక్ష ఖైదీ కేసులో ఇంకో గీత గీసింది. నేరం గుర్తులేదన్నంత మాత్రాన మరణశిక్ష ఆగదు, ఆ శిక్ష ఎందుకో అర్థం చేసుకోలేకపోతే మాత్రం ఆపాలి.

కొబ్బరితోట: ఆ గీత నాకు నచ్చింది. ఎందుకు కొడుతున్నారో తెలియనివాణ్ణి కొట్టి ఏం లాభం?

లంకపిల్ల (ముమ్మిడివరం): కోర్టుకి సరే, సినిమాకి? ఒక్క పిల్లని వదిలేశాడని దండ వేసేస్తామా? మొదట్లోనే ఆసుపత్రిలో తల్లిని చూడ్డానికొచ్చినవాణ్ణి చంపేస్తాడు. ఆ తల్లి ఏమైపోయిందో సినిమా మళ్లీ అడగలేదు. నేనైతే కథ ఆవిడ దగ్గర మొదలెట్టేదాన్ని.