ఈ వారం సమస్య: నీలకంఠమునకు నీలి లేదు (ఆటవెలది)

జమ్మికొమ్మ:
అందరికీ నమస్కారం. దసరా దగ్గర పడింది కాబట్టి ఈసారి పాలపిట్ట మీద సమస్య, అంటే పైన ఇచ్చిన పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి. హిందీ వాళ్ళు దీన్నే నీలకంఠ్ అంటారు, సంస్కృతంలో చాషం అని కూడా పేరుంది. శివుడి మీదా నెమలి మీదా పూరించొచ్చు, తప్పేం లేదు, కానీ నాకు పిట్టే కావాలి. తెలంగాణ వాళ్ళకి 2014 నుంచి రాష్ట్ర పక్షి, ఉమ్మడి రాష్ట్రంలోనూ ఇదే, ఆంధ్రలో 2018లో రామచిలుకని పెట్టుకున్నారు. ఒక్కటే నియమం, రాసే ముందు పిట్టని కళ్ళారా చూడండి, కుదరకపోతే కనీసం మంచి ఫోటో అన్నా చూడండి.

చెరువుగట్టు:
గురువు గారూ, నా మొదటి ప్రయత్నం, తప్పులుంటే చెప్పండి. మా ఊరి చెరువు దగ్గర రోజూ కనపడుతుంది.

చెరువు గట్టు మీద చేపల కొరకునై
మునిగి లేచు దాని ముక్కు పొడుగు
గొంతు తెల్లన యుండు కోరి చూడుము నీవు
నీలకంఠమునకు నీలి లేదు

జమ్మికొమ్మ:
తమ్ముడూ, మొదటి ప్రయత్నానికి యతులన్నీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ అక్షరాలు) సరిగ్గా పడ్డాయి, సంతోషం. మూడో పాదంలో గణం (గురులఘువుల గుంపు) తప్పింది. గొంతు - తెల్ల - నయుండు అని విడగొట్టి చూడు, "నయుండు" జగణం (లఘువు, గురువు, లఘువు) అయింది, అక్కడ సూర్యగణం (గురువు, లఘువు, లేదా మూడు లఘువులు) ఉండాలి. ఆ "య" తీసేసి "గొంతు తెల్లనుండు" అంటే సరిపోతుంది. అయితే అసలు చిక్కు ఛందస్సులో కాదు, పిట్టలో ఉంది. నువ్వు చూసింది లకుముకి పిట్ట.

పైరగాలి:
ఔను తమ్ముడూ, చాలామంది ఇక్కడే పొరబడతారు, రెండూ తీగల మీదే కూర్చుంటాయి రెండిట్లోనూ నీలం ఉంటుంది కాబట్టి. ముక్కు చూడు చాలు. లకుముకిది బారుగా లావుగా ఎర్రగా ఉంటుంది, గొంతూ రొమ్మూ తెల్లగా ఉంటాయి. పాలపిట్టది నల్లముక్కు, కొంచెం కాకిముక్కు తీరు, మనిషికి గొంతు మీద తువ్వాలు వేసినట్టు గోధుమరంగు మీద సన్నటి లేత గీతలుంటాయి. చేపల కోసం నీళ్ళలో దూకడం చాలా అరుదు. తీగ మీదో ఎండుకొమ్మ మీదో కదలకుండా కూర్చుని నేల మీద మిడతో పేడపురుగో కదిలితే దిగి పట్టుకుని మళ్ళీ అదే చోటికి వస్తుంది. మా వైపు దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టర్ వెనకాల తెల్లకొంగలతో పాటు ఇవీ వస్తాయి, చాలు తిరగబడగానే పైకొచ్చే పురుగుల కోసం. రైతుకి ఇంతకంటే ఏం కావాలి. నాదీ ఒకటి:

తీగమీద నిలిచి తిన్నగా జూచెడి
పులుగు గొంతు చూడ పోకరంగు
రెక్క విప్పినపుడె రేగును నీలాలు
నీలకంఠమునకు నీలి లేదు

చెరువుగట్టు:
అక్కా, పొద్దున్నే మళ్ళీ వెళ్ళి చూశా, ఎర్రముక్కే. పాలపిట్ట కోసం జొన్నచేను వైపు వెళ్ళాలి. "పోకరంగు" చాలా బాగుంది, మా నాయనమ్మ వక్కలు కత్తిరించేటప్పటి లోపలి రంగు గుర్తొచ్చింది.

కల్వం:
పైరగాలి గారూ, పద్యం బాగుంది, "పు"కి "పో" యతి కూడా చక్కగా కుదిరింది. ఒక్క మాట. "విప్పినపుడె" అన్నారు, కూర్చున్నప్పుడు కూడా నెత్తి మీదా పొట్ట కిందా నీలం కనపడుతుంది కదా. రెక్కలో దాగిన ముదురు నీలం, లేత నీలం పట్టీలు మాత్రం ఎగిరితేనే బయటపడతాయి, ఆ "ఎ"కారం ఒక్కటే నన్ను ఆపింది.

పైరగాలి:
నిజమే. ఎగిరినప్పటి ఆ మెరుపే మనసులో ఉండిపోయి రాశా. "విప్పినపుడు" అని మార్చుకుంటా, గణం మారదు.

కల్వం:
ఇప్పుడు నాది. "నీలి"ని నేను రంగుమందు అనే అర్థంలో తీసుకున్నా, నీలిమందు అంటాం కదా.

నూరి చూడ నీక నుసియయ్యె గోధుమ
రంగు, వెలుగు చేయు రమ్యమాయ
కంటికందు నదియె కాంతివిన్యాసమే
నీలకంఠమునకు నీలి లేదు

పోయిన ఎండాకాలం గట్టు మీద రాలిన ఈక ఒకటి దొరికింది. చేతిలో పెట్టుకుంటే నిండు నీలం. అదే ఈకని సూర్యుడికి అడ్డంగా పట్టుకుని వెనక నుంచి వెలుగు వచ్చేలా చూస్తే నీలం పోయి మట్టిరంగు మిగిలింది! నమ్మబుద్ధి కాక చివర అరంగుళం కత్తిరించి కల్వంలో నూరా, గోధుమరంగు పొడి వచ్చింది. ఈకలో నీలపు రంగుపదార్థం అసలు ఉండదు. ఈక పోగుల లోపల స్పాంజి లాంటి అల్లిక ఉంటుంది, గాలి నిండిన చిన్న చిన్న ఖాళీలతో, ఆ అల్లిక తెల్లటి వెలుగులోంచి నీలాన్ని మాత్రం వెనక్కి చిమ్ముతుంది, అడుగున ఉండే మెలనిన్ అనే నల్లటి రంగుపదార్థం మిగతా వెలుగుని మింగేస్తుంది. నూరితే అల్లిక చెదిరిపోతుంది, దాంతో నీలమూ పోతుంది.

జమ్మికొమ్మ:
ఇది చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. సమస్య ఇచ్చినప్పుడు గొంతు రంగు వరకే ఆలోచించా, మీరు "నీలి లేదు"ని రెక్క దాకా, మొత్తం పిట్ట దాకా తీసుకుపోయారు. ఒక్కటే అభ్యంతరం, "చూడ నీక" అని విడిగా రాసినా చదివేటప్పుడు "చూడనీక" అని, అంటే చూడనివ్వకుండా అని వినపడుతోంది.

కల్వం:
గమనించలేదండీ. "నూరినంత నీక నుసియయ్యె గోధుమ" అంటే?

జమ్మికొమ్మ:
సరిపోయింది. గణాలు, యతి అన్నీ నిలిచాయి, అర్థం కూడా తేటపడింది.

పాతబస్తీ:
అన్నా, నాకు దసరా అంటే వేరే గుర్తొస్తది. రాముడు యుద్ధానికి పోయేముందు పాలపిట్టను చూసిండని, చూస్తే జయమని మనం పండుగనాడు చూస్తం గదా, దానికోసం పట్టి పంజరంల పెట్టి ఇల్లిల్లూ తిప్పుతరు. చిన్నప్పుడు మా గల్లీల ఒకాయన తెచ్చిండు, రెక్కలకు దారం చుట్టి ఉండె, నోరు తెరిచి రొప్పుతుండె, మా అమ్మ పైసలిచ్చి దండం పెట్టింది, నేను దాని కండ్లే చూసిన. ఇయ్యాల్టికీ మర్చిపోలే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టుడు, అమ్ముడు నేరం.

పంజరాన బెట్టి పండుగ పూటలో
రెక్క లణచి కట్టి రేటు చెప్పె
వన్నె మాసి నేల వాలిన దాపక్షి
నీలకంఠమునకు నీలి లేదు

పైరగాలి:
గొంతు పట్టేసింది. పద్యంలో "చెప్పె"కి కర్త లేడు, ఎవరు చెప్పారో తెలీదు. "రేటు చెప్ప" అంటే మూడో పాదంతో అతుక్కుంటుంది. ఇక "రేటు" అన్య భాషాపదం కదా అని ఎవరైనా అంటారేమో, "రొక్కమడిగె" అని చూశా, "రె"కి "రొ" యతి కుదరదు. నన్నడిగితే ఉంచెయ్యండి, అమ్మేవాడి నోట్లో మాట అదే.

ఎడారిచెట్టు:
దుబాయి నుంచి. ఇక్కడా పాలపిట్టలు బాగా ఉన్నాయి, మా క్యాంపు పక్కన పచ్చికలో నీళ్ళ గొట్టాల మీద కూర్చుంటాయి, పంజరం లేకుండా ప్రతి పొద్దున దసరానే. ఎండలు ముదిరే ముందు ఒకటి నిట్టనిలువుగా పైకి లేచి అటూ ఇటూ దొర్లుతూ కిందకి జారింది, గరగరమని అరుస్తూ. జత కోసం అలా చేస్తుందట, ఇంగ్లీషులో రోలర్ అనే పేరు ఆ దొర్లుడు వల్లనే. పద్యం రాయడం రాదు కానీ చెప్పాలనిపించింది.

జమ్మికొమ్మ:
మీరు చెప్పింది పద్యానికి తక్కువేం కాదు. ఈ వారం నా ఓటు కల్వం గారికి, పాతబస్తీ పద్యం "చెప్ప" దిద్దుబాటుతో పక్కనే. చెరువుగట్టు తమ్ముడూ, జొన్నచేను నుంచి వచ్చాక మూడో పాదం మళ్ళీ రాయి, ఎదురుచూస్తా.

పాలపిట్ట ఈక ముక్కలు చేసి గడ్డిలో కలిపి పెడితే ఆవు బాగా పాలిస్తుందని మా తాత అనేవాడు, పేరు అలా వచ్చిందని ఆయన నమ్మకం. అందుకని వచ్చే వారానికి, మళ్ళీ ఆటవెలదే:

పాలు లేని పిట్ట పాలపిట్ట