పేపర్లో వచ్చిందని నూనె మార్చాలా, టీవీలో చెప్పారని మాత్ర మానాలా?

నూనె కొట్టు, పర్లాకిమిడి:
మాది బజార్లో నూనెల కొట్టు. తాత పెట్టింది. జనం ఏ నూనె అడుగుతున్నారో చూస్తే చాలు, ముందు వారం టీవీలో ఏం వేశారో చెప్పేయగలను. నా చిన్నప్పుడు వేరుశనగ నూనె డబ్బాలు వరసగా దిగేవి. తర్వాత గుండెకు మంచిదని సన్‌ఫ్లవర్. ఆ తర్వాత తవుడు నూనె. మధ్యలో కొబ్బరినూనె తాగే డైటొకటి వచ్చింది. తలకి రాసుకునేది వేరు, తాగేది వేరండీ అని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. ఇప్పుడంతా గానుగ నూనె. మా ఒడియా ఖాతాదారులు మాత్రం ఏ వార్త వచ్చినా ఆవనూనె వదల్లేదు.

సంగతేమిటంటే, రెండేళ్ల కింద మా నాన్నకి విశాఖలో గుండె రక్తనాళంలో స్టెంట్ అనే చిన్న గొట్టం వేశారు. కొలెస్ట్రాల్ మాత్ర రోజూ రాత్రి వేసుకోవాలి. పది రోజుల కింద ఒక ఛానల్లో 'కొలెస్ట్రాల్ అంతా మందుల కంపెనీల నాటకం' అని గంటసేపు ప్రోగ్రాం నడిచింది. నాన్న మాత్ర మానేశారు. పోయినేడు ఇదే ఛానల్ గుడ్డులో పచ్చసొన తింటే గుండెకి ముప్పని ఊదరగొట్టింది, అప్పుడు గుడ్డు మానేశారు. తిండి, గుండె గురించి పేపర్లూ టీవీలూ చెప్పేది ఒక్క ముక్క కూడా నమ్మక్కర్లేదని నా మాట. కాదనేవాళ్లు చెప్పండి.

విశాఖ నర్సు, సొంతూరు కాశీనగర్:
చర్చ తర్వాత. ముందు ఇది చెప్పండి, మానేసింది కొలెస్ట్రాల్ మాత్ర ఒక్కటేనా, రక్తం పలచబడే మాత్ర కూడానా? స్టెంట్ ఉన్నవాళ్లు అది తమంతట తాము మానేస్తే స్టెంట్‌లో గడ్డ కట్టే ప్రమాదం ఉంది.

నూనె కొట్టు, పర్లాకిమిడి:
అది వేసుకుంటున్నారు మేడమ్. కొలెస్ట్రాల్‌ది ఒక్కటే మానేశారు.

గుణుపురం మాస్టారు:
బాబూ, నేను నీ వైపే. అమెరికాలో టైమ్ అని వారపత్రిక ఉంది. 1984 మార్చిలో అట్ట మీద మొహంలా కనిపించే ఒక పళ్లెం వేసింది. కళ్లు రెండు గుడ్లు, వంకర నోరు పంది మాంసం ముక్క. కొలెస్ట్రాల్ గురించి చెడ్డ కబురని శీర్షిక. 30 ఏళ్లు గడిచాక, 2014 జూన్‌లో, అదే పత్రిక అట్ట మీద వెన్న బొమ్మ వేసి 'వెన్న తినండి' అంది. ఈ మధ్యలో గుడ్డు మానుకుని నోరు కట్టేసుకున్నవాళ్లకి ఎవరు జవాబు చెబుతారు?

పేపరోళ్లనే ఎందుకు అనాలి. 1965లో అక్కడి చక్కెర పరిశ్రమ సంఘం హార్వర్డ్ పరిశోధకులకి 6,500 డాలర్లు ఇచ్చి, చక్కెర మీదకి రాకుండా కొవ్వు వైపు వేలు చూపించే వ్యాసం రాయించుకుంది. 1967లో అది పేరున్న వైద్య పత్రికలో అచ్చయింది. డబ్బు సంగతి అందులో లేదు. పాత ఉత్తరాలు తవ్వి తీస్తే 2016లో బయటపడింది. మా అమ్మ పొద్దున్న చోడి (రాగి) అంబలి తాగి, మధ్యాహ్నం చద్దన్నం తిని 91 ఏళ్లు బతికింది. ఒక్క పేపరు చదవలేదు.

మందుల షాపు, జయపురం:
మాస్టారూ, మీ అమ్మగారు రోజుకి ఎంత దూరం నడిచేవారో కూడా రాయండి, లేకపోతే రేపు ఎవరో అంబలి ఒక్కటే తాగి కూర్చుంటారు.

టైమ్ అట్ట సంగతి మీరు చెప్పింది నిజమే, కానీ సగమే చెప్పారు. 1984 అట్టకి కారణం ఆ ఏడాది జనవరిలో వచ్చిన ఒక పరీక్ష, అది గుడ్ల మీద చేసింది కాదు. కొలెస్ట్రాల్ తగ్గించే కొలెస్టిరమిన్ అనే పొడి మందు మీద చేశారు. కొలెస్ట్రాల్ బాగా ఎక్కువున్న 3,806 మంది మగవాళ్లు, ఏడేళ్ల పైన. రెండు జట్లకీ తిండి సలహా ఒకటే. మందు తాగిన 1,906 మందిలో 155 మందికి గుండెపోటు వచ్చింది లేదా గుండెజబ్బుతో పోయారు. మందు లేని ఉత్తి పొడి తాగిన 1,900 మందిలో 187 మంది. గుడ్డు తిన్నవాళ్లనీ మానినవాళ్లనీ అందులో ఎవరూ పోల్చలేదు. పరీక్ష చేసింది మందుని, బొమ్మ వేసింది గుడ్డుది. ఇక్కడే వార్త దారి తప్పింది.

లెక్క చూడండి. ప్రచారమైంది 19 శాతం తగ్గుదలని. నూటికి ఎంతమందని అడిగితే, దగ్గర దగ్గర పదిమందికి బదులు ఎనిమిది మంది. రెండూ అబద్ధం కాదు. కానీ మీరు కొట్లో రేటు చెప్పకుండా '19 శాతం డిస్కౌంట్' అని బోర్డు పెడితే జనం ఊరుకుంటారా?

14 కిలోలు తగ్గాను, రాయగడ:
ఇన్ని అంకెలెందుకు సార్. నేను కొబ్బరినూనె డైట్ చేసి మూడు నెలల్లో 14 కిలోలు తగ్గాను, షుగరు కూడా దిగింది. మాత్రలు కంపెనీలకే లాభం. పెద్దాయన మానేసి మంచి పని చేశారు.

విశాఖ నర్సు, సొంతూరు కాశీనగర్:
బరువు తగ్గింది, మంచిదే. చెడ్డ కొలెస్ట్రాల్ ఎంతుందో చూపించుకున్నారా? కొబ్బరినూనెలో నూటికి 80 పైన చలికి పేరుకునే రకం కొవ్వే (సంతృప్త కొవ్వు), అది చాలామందిలో చెడ్డ కొలెస్ట్రాల్ పెంచుతుంది. పైగా తూకం తగ్గిన మీ అనుభవం పట్టుకుని, స్టెంట్ వేసిన పెద్దాయనకి మందు మానమని చెప్పడం ఏం న్యాయమండీ? మన దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు మిగతా దేశాలవాళ్ల కంటే ఐదారేళ్లు ముందే వస్తోంది, సగటున 53 దగ్గర. మా వార్డులో నలభై ఏళ్లవాళ్లని చూస్తున్నాను.

14 కిలోలు తగ్గాను, రాయగడ:
చూపించుకోలేదు. చూపించుకుంటాను లెండి. కానీ మాత్రలు పనిచేస్తాయని చెప్పిన పరీక్షలకి డబ్బు పెట్టింది కంపెనీలే కదా? చక్కెరవాళ్ల డబ్బు తప్పైనప్పుడు ఇది ఒప్పెలా అవుతుంది?

మందుల షాపు, జయపురం:
మంచి ప్రశ్న, దాటవేయను. 1994లో వచ్చిన సిమ్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర పరీక్షకి డబ్బు ఆ మందు తయారుచేసిన కంపెనీదే. అయితే ఆ 4,444 మందీ అప్పటికే గుండెపోటు వచ్చినవాళ్లు లేదా గుండెనొప్పి ఉన్నవాళ్లు, అంటే మన పెద్దాయన లాంటివాళ్లు. ఐదేళ్ల పైన చూశారు. ఉత్తి మాత్ర వేసుకున్న 2,223 మందిలో 256 మంది చనిపోయారు. మందు వేసుకున్న 2,221 మందిలో 182 మంది. నూటికి పదకొండున్నర బదులు ఎనిమిది. తర్వాత బ్రిటన్‌లో 20 వేల పైన మందితో చేసిన పరీక్షకి కంపెనీలతో పాటు అక్కడి ప్రభుత్వ పరిశోధన మండలి, ఒక గుండె జబ్బుల ధర్మసంస్థ కూడా డబ్బు ఇచ్చాయి. ఫలితం అదే వైపు వచ్చింది. గుండె జబ్బే లేనివాళ్లకి ఈ లెక్క చాలా చిన్నది, వాళ్ల గురించి డాక్టర్లే వాదించుకుంటున్నారు, ఒప్పుకుంటాను. స్టెంట్ వేసినవాళ్ల విషయంలో అంత వాదన లేదు.

టీవీ మాట విని మానేస్తే ఏమవుతుందో కూడా చూసినవాళ్లున్నారు. డెన్మార్క్‌లో ఈ మాత్రలు వాడే ఆరున్నర లక్షల పైచిలుకు మంది రికార్డులు తిరగేశారు. వీటి గురించి చెడ్డ వార్తలు వచ్చిన కాలంలో తొందరగా మానేసినవాళ్లు ఎక్కువ. మానేసినవాళ్లలో తర్వాత గుండెపోట్లూ ఎక్కువ. రికార్డులు చూసి చెప్పింది కాబట్టి కారణం ఇదే అని ఘంటాపథంగా అనలేం. నా షాపులో మాత్రం అలాంటి ప్రోగ్రాం వచ్చిన వారం ఈ స్ట్రిప్పులు కదలవు. నూనె కొట్టు బాబుకి తెలిసిన సంగతే ఇది.

గుణుపురం మాస్టారు:
సరే, గుడ్డు దగ్గర నేను పొరబడ్డాను. చక్కెర దగ్గర పొరబడలేదు.

బరంపురం పిన్ని:
ఇంతసేపూ చూస్తున్నాను, ఏ నూనె అనే తప్ప ఎంత నూనె అని ఒక్కరూ అనలేదు. టీవీవాళ్లూ అనరు. 'నూనె తగ్గించండి' అంటే ప్రకటన ఎవరిస్తారు? మా ఇంట్లో నలుగురం. ఒకప్పుడు నెలకి ఐదు లీటర్లు అయ్యేది. కాగితం మీద వేసి చూస్తే మనిషికి రోజుకి 41 మిల్లీలీటర్ల పైనే, అంటే దగ్గర దగ్గర మూడు పెద్ద చెంచాలు. ఇప్పుడు మూడు లీటర్లకి దింపాను. మొదటి వారం మా ఆయన అలిగారు.

ఉప్పూ అంతే. రోజంతా కలిపి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, ఒక చిన్న చెంచాడు. మా ఊరి అప్పడాలు, పచ్చళ్లు, ఎండుచేపలు పెట్టుకుంటే మధ్యాహ్నానికే అయిపోతుంది. ఇక వనస్పతి. దాంట్లోని ట్రాన్స్ ఫ్యాట్ అనే గుండెకి చెరుపు చేసే కొవ్వు నూటికి రెండుకి మించకూడదని 2022 జనవరి నుంచి మన దేశంలోనే రూలు వచ్చింది. గుండెకి సంబంధించి ఇంత పెద్ద కబురు, దాని మీద గంటసేపు ప్రోగ్రాం నేను చూడలేదు. గొడవ లేని వార్త కదా.

నూనె కొట్టు, పర్లాకిమిడి:
అందరికీ దండాలు. ఒక్క ముక్కా నమ్మక్కర్లేదన్న మాట వెనక్కి తీసుకోను గానీ, కొంచెం సవరిస్తాను. శీర్షిక చూసి నమ్మను. నూటికి ఎంతమంది, ఎలాంటివాళ్లు అని చెబితే వింటాను.

మందుల షాపు సార్ చెప్పిన 256, 182 లెక్క నిన్న సాయంత్రం గల్లా దగ్గర నాన్నకి చదివి వినిపించాను. లెక్కల పుస్తకం పక్కన పెట్టి విన్నారు. "నూటికి ముగ్గురో నలుగురో మిగులుతారంటావు. వాళ్లలో నేనుంటానని గ్యారంటీ ఏటి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. రాత్రి భోజనం అయ్యాక చూస్తే మాత్ర వేసుకుంటున్నారు. ఎందుకని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. సోమవారం విశాఖ వెళ్తున్నాం, ఆ గ్యారంటీ ప్రశ్న డాక్టరుగారినే అడుగుతారట. కొట్టు ఆ రోజు మూత.

బరంపురం పిన్ని:
సంతోషం బాబూ. మీ ఇంట్లో నెలకి ఎన్ని లీటర్లో మాత్రం చెప్పలేదు.

నూనె కొట్టు, పర్లాకిమిడి:
కొట్టు మాదే కదా పిన్నిగారూ, మా ఇంటికి కొలిచి ఎప్పుడు తీసుకెళ్లాం.