ఒకే కంపెనీ, రెండూ 2.4 గిగాహెర్ట్జ్, అయినా ట్రాన్స్‌మిటరు, రిసీవరు ఎందుకు కలవడం లేదు?

శేషాచలం_చక్రాలు (తిరుపతి):

అందరికీ నమస్కారం. నేను బైరాగిపట్టెడలో ఉంటాను. మా అబ్బాయి పదో తరగతి పరీక్షలు అయిపోయాక, హాస్టల్ ఖాళీ చేసి వెళ్తున్న ఒక ఇంజనీరింగ్ విద్యార్థి దగ్గర రిమోటుతో నడిపే 1:10 కొలత (అసలు బండిలో పదో వంతు) ఎలక్ట్రిక్ బగ్గీ కారు ఒకటి పాతది కొన్నాము. కారు మంచి స్థితిలోనే ఉంది. అందులో బ్రష్డ్ మోటరు, ఈఎస్‌సీ (మోటరు వేగాన్ని నియంత్రించే పెట్టె), స్టీరింగ్ సర్వో (ముందు చక్రాలను తిప్పే చిన్న మోటరు), సిగ్నల్ అందుకునే ఫ్లైస్కై జీఆర్3ఈ రిసీవరు అన్నీ విడివిడిగానే ఉన్నాయి. చేతిలో పట్టుకుని నడిపే ట్రాన్స్‌మిటరు మాత్రం పోయిందని ఆ విద్యార్థి ముందే చెప్పారు.

పోయిన నెల చెన్నై వెళ్ళినప్పుడు ఒక దుకాణంలో ఫ్లైస్కై జీటీ5 ట్రాన్స్‌మిటరు రిసీవరు లేకుండా తక్కువ ధరకు కనిపించింది. కంపెనీ ఒకటే, రెండూ 2.4 గిగాహెర్ట్జే కాబట్టి తప్పకుండా పనిచేస్తుందని దుకాణదారు చెబితే నమ్మి తీసుకున్నాను. ఇంటికి వచ్చి మూడు రోజులుగా బైండు చేయడానికి (రెండింటినీ జత కలపడానికి) ప్రయత్నిస్తున్నా రిసీవరు దీపం మినుకుమినుకుమంటూనే ఉంది తప్ప నిలకడగా వెలగడం లేదు. రిసీవరు చెడిపోయిందా? కొత్తది కొనాలంటే ఏది చూసి కొనాలి? మా బావగారి అటక మీద 27 మెగాహెర్ట్జ్ కాలం నాటి కారు కూడా ఒకటి ఉంది. దాన్ని కూడా ఈ ట్రాన్స్‌మిటరుతో నడపవచ్చునా?

గ్రీమ్స్‌పేట_సోల్డరు (చిత్తూరు):

శేషాచలం గారూ, మీ రిసీవరు చెడిపోలేదనే నా అభిప్రాయం. మీరు పెట్టెల మీద చూసిన 2.4 గిగాహెర్ట్జ్ అన్నది గాలిలో తరంగం నడిచే దారి మాత్రమే; ఆ దారిలో ఏ భాషలో మాట్లాడుకోవాలో చెప్పేది ప్రోటోకాల్. మా చిత్తూరు బస్టాండులో ఒకే బెంచీ మీద తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. మాట చెవిన పడినంత మాత్రాన అర్థమైనట్టు కాదు కదా. జీఆర్3ఈ రిసీవరుకు తెలిసింది ఏఎఫ్‌హెచ్‌డీఎస్ అనే మొదటి తరం ప్రోటోకాల్. అది జీటీ3బీ, జీటీ3సీ వంటి పాత ట్రాన్స్‌మిటర్లకు జోడీ. మీ జీటీ5 వాడేది ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ. పేర్లు దగ్గరగా ఉన్నా ఈ రెండూ ఒకదానితో ఒకటి కలవవు. మూడు రోజులు కాదు, మూడు నెలలు ప్రయత్నించినా ఆ దీపం నిలవదు.

ఇది ఒక్క కంపెనీ సంగతి కాదు. ఫుటాబాలో టీ-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్, ఎస్-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్ వేరు వేరు. స్పెక్ట్రమ్‌లో డీఎస్‌ఎంఎక్స్, డీఎస్‌ఎం2 ఉన్నాయి. సాన్వాలో ఎఫ్‌హెచ్-3, ఎఫ్‌హెచ్-4టీ అని తరాలున్నాయి. కాబట్టి కొనేటప్పుడు పెట్టె మీద బ్రాండు పేరు కన్నా ముందు ప్రోటోకాల్ పేరు చదవండి, అది అక్షరం అక్షరం సరిపోవాలి. అమ్మేవారు ఆ పేరు చెప్పలేకపోతే డబ్బు తీయకండి.

జీటీ5కు మామూలుగా జతగా వచ్చేది బీఎస్6 రిసీవరు. దానికి ఆరు ఛానళ్ళు (ఒక్కో పనికి ఒక్కో సిగ్నల్ దారి), లోపలే ఒక జైరో (కారు పక్కకు తిరిగితే గుర్తించి స్టీరింగును సరిదిద్దేది) ఉంటాయి. స్టీరింగుకు ఒకటి, థ్రాటిలుకు (వేగానికి) ఒకటి, రెండు ఛానళ్ళే చాలనుకుంటే మూడు ఛానళ్ళ ఏ3 రిసీవరు తీసుకోవచ్చు, అదీ 2ఏ ప్రోటోకాలే. లైట్లు పెట్టే ఉద్దేశం ఉంటే ఆ మూడో ఛానల్ పనికొస్తుంది. అయితే తిరుపతి చుట్టుపక్కల ఎర్రమట్టి మీద నడిపేవారికి వెనుక చక్రాలు జారుతూ ఉంటాయి కాబట్టి నేనైతే జైరో ఉన్నదాన్నే తీసుకుంటాను.

మీ బావగారి కారు విషయంలో మాత్రం ఆశ పెట్టుకోవద్దు. 27 మెగాహెర్ట్జ్ సెట్లలో క్రిస్టల్ జత (తరంగాన్ని నిర్ణయించే చిన్న ముక్కలు) ఉండేది, ట్రాన్స్‌మిటరుది 27.145 అయితే రిసీవరుది 455 కిలోహెర్ట్జ్ తక్కువగా 26.690 ఉండేది. ఆ రోజుల్లో తరంగం, మాడ్యులేషన్ (తరంగం మీద సమాచారాన్ని ఎక్కించే పద్ధతి) కలిస్తే వేరు వేరు కంపెనీల సామాన్లు కూడా ఒక్కోసారి కలిసిపోయేవి, ఆ అలవాటుతోనే పాత దుకాణదారులు ఇప్పటికీ అలా చెబుతారేమో. ఆ కారులో సర్వో, ఈఎస్‌సీ విడిగా ఉంటే పాత రిసీవరు తీసేసి 2.4 రిసీవరు పెట్టవచ్చు. అన్నీ ఒకే బోర్డు మీద సోల్డరు చేసి ఉన్న ఆటబొమ్మ అయితే ముట్టుకోకండి. సర్వో నుంచి మూడు తీగలకు బదులు ఐదు వస్తున్నాయంటే అది బోర్డుతో కట్టిపడేసిన బండి అని గుర్తు.

చంద్రగిరి_గ్యారేజి (చంద్రగిరి):

పైన చెప్పినదంతా నిజం. ఒక్క విషయంలో మాత్రం నా దారి వేరు. రిసీవరు మార్చడం ఒక పద్ధతి, ట్రాన్స్‌మిటరును మార్చడం ఇంకో పద్ధతి. రేడియోమాస్టర్ ఎంటీ12 వంటి చక్రం ఉన్న ట్రాన్స్‌మిటరు 4-ఇన్-1 మాడ్యూల్‌తో దొరుకుతుంది, అందులోని నాలుగు రేడియో చిప్పులు రకరకాల ప్రోటోకాళ్ళు మాట్లాడతాయి. పాత ఏఎఫ్‌హెచ్‌డీఎస్, 2ఏ రెండూ వాటిలో ఉన్నాయి. ఇంట్లో ఐదారు కార్లుండి, ఒక్కోదానిలో ఒక్కో కంపెనీ రిసీవరు ఉన్నవారికి అదే లాభం. మీకున్నది ఒక్క కారు, చేతిలో మంచి ట్రాన్స్‌మిటరు ఉంది కాబట్టి మీరు రిసీవరే మార్చుకోండి.

కానీ రిసీవరు కొనే ముందు మల్టీమీటరుతో మీ ఈఎస్‌సీ బీఈసీ వోల్టేజిని కొలవండి. రిసీవరుకూ సర్వోకూ కరెంటు అక్కడి నుంచే వస్తుంది. కొన్ని ఈఎస్‌సీలు 5 లేదా 6 వోల్టులు ఇస్తాయి, కొన్ని 7.4 కూడా ఇస్తాయి, అది రిసీవరు మీద రాసిన పరిమితిని దాటకూడదు. తక్కువైనా ప్రమాదమే. సర్వో బలంగా తిరిగిన క్షణంలో వోల్టేజి కూలిపోతే రిసీవరు ఒక్కసారి ఆగి మళ్ళీ మొదలవుతుంది, మనమేమో రేడియో సిగ్నల్ పోయిందనుకుని యాంటెన్నాను నిందిస్తాము. నేను ఇలాగే ఒక నెల పొరపాటుపడ్డాను, చివరికి తేలింది బలహీనమైన బీఈసీ.

ఇక యాంటెన్నా. రిసీవరు నుంచి వచ్చే సన్నని తీగ చివర పైతొడుగు లేని భాగం సుమారు 31 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 2.4 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు. పొడవుగా ఉందని కత్తిరించకూడదు, మడిచి బ్యాటరీ కింద దాచకూడదు, ప్లాస్టిక్ గొట్టంలో నిటారుగా నిలబెట్టాలి. మోటరుకూ కార్బన్ ఫలకాలకూ దూరంగా ఉంచాలి.

ఇవన్నీ కాక, ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే కారు తనంతట తాను ఆగే ఏర్పాటు) పెట్టకుండా ఎవరూ కారును నేల మీద వదలవద్దని నా ప్రాధేయపూర్వక మనవి. బైండు అయిన తరువాత చక్రాలు గాలిలో ఉండేలా కారును డబ్బా మీద పెట్టి, ట్రాన్స్‌మిటరును ఆపి చూడండి. థ్రాటిలు తటస్థ స్థానానికో బ్రేకుకో రావాలి. ఎప్పుడైనా ముందు ట్రాన్స్‌మిటరు, ఆ తరువాతే కారు ఆన్ చేయండి. ఆపేటప్పుడు ముందు కారు, తరువాత ట్రాన్స్‌మిటరు. మైదానంలో చిన్నపిల్లలు తిరుగుతుంటారు, 1:10 బండి తగిలితే కాలికి దెబ్బ మామూలుగా ఉండదు.

శేషాచలం_చక్రాలు (తిరుపతి):

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. బీఎస్6 తెప్పించాను. బీఈసీ 6 వోల్టులు చూపించింది. పాత రిసీవరుతో అన్ని రోజులు పడిన శ్రమకు భిన్నంగా, బైండు చేయగానే దీపం నిలిచిపోయింది, మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు. ఆ తరువాత కొత్త ట్రాన్స్‌మిటరు స్థానాలను తటస్థం, పూర్తి థ్రాటిలు, పూర్తి బ్రేకు వరుసలో ఈఎస్‌సీకి నేర్పించాము.

చంద్రగిరి వారు చెప్పినట్టు పరీక్ష చేయకపోతే ఎంత పొరపాటు అయ్యేదో ఇప్పుడు తలచుకుంటే భయం వేస్తోంది. కొద్దిగా థ్రాటిలు నొక్కి పట్టుకుని ట్రాన్స్‌మిటరును ఆపగానే చక్రాలు అలాగే తిరుగుతూ ఉన్నాయి. ఫెయిల్‌సేఫ్‌ను బ్రేకుకు పెట్టి మూడుసార్లు చూశాక మాత్రమే కిందికి దింపాము. ఒక్క సందేహం మిగిలింది: తిన్నగా పోతున్న కారు వేగం పెంచగానే ఒక పక్కకు గిరగిర తిరిగిపోతోంది. జైరో లేకుండా నడిపితే అలా కావడం లేదు.

గ్రీమ్స్‌పేట_సోల్డరు (చిత్తూరు):

అది జైరో దిశ తలకిందులై ఉండడం వల్లనే. కారును చేతిలో పట్టుకుని ముక్కును ఎడమకు తిప్పండి. అప్పుడు ముందు చక్రాలు కుడికి తిరిగి సరిదిద్దాలి. ఎడమకే తిరుగుతుంటే జైరో దిశను మార్చండి. స్టీరింగ్ రివర్స్ స్విచ్‌ను మాత్రం కదపవద్దు, అది వేరు. ఆన్ చేసిన మొదటి కొన్ని క్షణాలు కారును కదలకుండా నేల మీద ఉంచండి, జైరో తన సున్నా స్థానాన్ని అప్పుడే తెలుసుకుంటుంది. ముందు తక్కువ బలంతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచండి; తిన్నగా పోయేటప్పుడు ముందు చక్రాలు వణకడం మొదలైతే ఒక మెట్టు వెనక్కి రండి.

శేషాచలం_చక్రాలు (తిరుపతి):

దిశ మార్చాను, సరిపోయింది. పాత జీఆర్3ఈని పారేయలేదు. జీటీ3సీ ఎవరి దగ్గరైనా ఖాళీగా ఉంటే తెలియజేయండి, మా బావగారి కారులో సర్వో మూడు తీగలదే.